పిల్లల గేయం పత్రికలో రావాలంటే: మాత్రల లెక్క నుంచి హామీపత్రం దాకా

పిల్లల కోసం గేయాలు రాసేవాళ్లు వరంగల్, కరీంనగర్, సిరిసిల్ల, సిద్దిపేట వైపు తక్కువేం లేరు. బడి పంతుళ్లు, పంతులమ్మలు, అంగన్‌వాడీ టీచర్లు, రిటైరైన ఉద్యోగులు, ఇంటర్ చదివే పిల్లలు కూడా రాస్తున్నారు. సిరిసిల్లకు చెందిన పత్తిపాక మోహన్‌కు 2022లో కేంద్ర సాహిత్య అకాడమి బాల సాహిత్య పురస్కారం వచ్చింది. గాంధీజీ మీద పిల్లల కోసం రాసిన గేయ రచనకే ఆ పురస్కారం. అయినా రాసినవాటిలో అచ్చులోకి వెళ్లేవి కొన్నే. వెనక్కి వచ్చిన గేయాలను తీసి చూస్తే చాలావాటిలో విషయం బాగానే ఉంటుంది. నడకే కుంటుతుంది. మూడో తరగతి పిల్ల గట్టిగా చదివితే రెండో పాదంలోనే నాలుక తడబడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు నడకకే ఇచ్చాం. పంపే పద్ధతి, హామీపత్రం, హక్కుల సంగతి ఆ తర్వాత వస్తాయి.

1. ముందు పత్రికను చదవండి

గేయం రాసి పత్రికను వెతుక్కునేవాళ్లే ఎక్కువ. పత్రికను చదివి రాయడం మొదలుపెడితే సగం పని తగ్గుతుంది. ఏదైనా పిల్లల పేజీకి పంపాలనుకుంటే కనీసం ఆరు సంచికలు ముందు పెట్టుకోండి. హనుమకొండలో 1904 నాటి శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది. జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. మీ మండలంలో శాఖా గ్రంథాలయం ఉంటుంది. దినపత్రికల ఆదివారం సంచికలు కొన్ని వారాలవి అక్కడ ఒకేచోట దొరుకుతాయి.

ఈ కింది విషయాలు కాగితం మీద రాసుకోండి:

- ఒక్కో గేయం ఎన్ని పాదాలు? ఎనిమిదా, పన్నెండా, పదహారా?
- ఒక్కో పాదంలో ఎన్ని మాటలు పట్టాయి?
- రాసింది పెద్దలా, పిల్లలా? పేరు కింద తరగతి, బడి పేరు వేశారా?
- గేయానికి బొమ్మ వేశారా? వేస్తే ఏ దృశ్యానికి వేశారు?
- ఆరు సంచికల్లో ఒకే విషయం మీద రెండు గేయాలు వచ్చాయా?

మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. కొన్ని పేజీలు పిల్లలు రాసినవాటికే కేటాయించి ఉంటాయి. అక్కడికి పెద్దలు ఎంత చక్కని గేయం పంపినా పక్కకు పోతుంది. కొన్ని పేజీల్లో కథలు, పజిళ్లే తప్ప గేయానికి చోటే ఉండదు.

ఎక్కడెక్కడ చూడాలి? ఈనాడు ‘హాయ్ బుజ్జీ’ లాంటి పిల్లల పేజీలు, నవతెలంగాణ ‘సోపతి’ లాంటి ఆదివారం అనుబంధాలు, హైదరాబాద్ నుంచి వచ్చే బాలచెలిమి పత్రిక, అంతర్జాలంలో మొలక, కొత్తపల్లి పత్రికలు. పత్రికల పేజీలు మారుతుంటాయి కాబట్టి పంపే వారం వచ్చిన సంచికనే ప్రమాణంగా తీసుకోండి. అంతర్జాలంలో తిరిగే పాత జాబితాలను నమ్మితే ఉత్తరాలు గాల్లో కలుస్తాయి. 1947లో మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదు. బాలభారతం 2021లో ఆగింది. ఆ పేర్లు ఇంకా జాబితాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. చిరునామా, ఈమెయిల్, వాట్సాప్ నంబరు తాజా సంచికలోంచే రాసుకోండి. వాటిని సాధారణంగా సంపాదకుడి పేరు ఉండే పెట్టెలోనో, పిల్లల పేజీ అడుగునో వేస్తారు.

2. వయసు, కొలత

ముందు వయసు తేల్చుకోండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నాలుగు నుంచి ఎనిమిది పాదాలు చాలు. ఒకే దృశ్యం, మళ్లీ మళ్లీ వచ్చే మాటలు, చప్పుళ్లు ఉండాలి. ఆరు నుంచి తొమ్మిదేళ్లవాళ్లకు ఎనిమిది నుంచి పన్నెండు పాదాలు, చిన్న సంఘటన, చివర ఒక మలుపు. తొమ్మిది దాటినవాళ్లకు పదహారు పాదాల దాకా పోవచ్చు, గేయకథ కూడా చెప్పవచ్చు.

పాదం పొడవు అచ్చుకు సంబంధించిన సంగతి కూడా. దినపత్రిక కాలమ్ ఇరుకు. పాదంలో నాలుగైదు మాటలు దాటితే చివరి మాట కింది వరుసలోకి జారుతుంది. అంత్యప్రాస కంటికి కనిపించదు, పేజీ చేసేవాళ్లు అక్షరాలు చిన్నవి చేయాలి. ఎనిమిది పాదాల గేయం పేజీలో ఏ మూలనైనా ఇముడుతుంది. ఇరవై నాలుగు పాదాలదానికి ఒక కథను తీసేయాలి. కొత్తవాళ్లు ఎనిమిది, పన్నెండు పాదాలతో మొదలుపెట్టడమే మంచిది.

3. మాత్రల లెక్క

పిల్లల గేయానికి యతి, ప్రాస, గణాలతో కూడిన పద్య ఛందస్సు తప్పనిసరి కాదు. మాత్రల లెక్క మాత్రం తప్పనిసరి. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరాన్ని పలికేంత సమయం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఏది గురువు?

- దీర్ఘాక్షరం: పా, నీ, చే, పై.
- సున్న ఉన్న అక్షరం: రంగులో రం.
- పొల్లు చేరిన అక్షరం: బస్ అంటే రెండు మాత్రలు.
- జంట అక్షరానికి, అంటే ఒత్తు ఉన్న అక్షరానికి ముందున్నది: పిట్టలో పి, జమ్మిలో జ.

మిగిలినవన్నీ లఘువులు. ఎక్కువమంది తప్పేది చివరి సూత్రం దగ్గరే. పిట్టలో బరువు ట్ట మీద ఉందనుకుంటారు. కాదు, ముందున్న పి మీద ఉంది. పిట్ట అంటే 2+1, మూడు మాత్రలు. విడి మాట మొదట్లో జంట అక్షరం వస్తే మాత్రం తెలుగులో ముందు మాట చివరి అక్షరం మామూలుగా బరువెక్కదు. ‘చిన్న స్కూలు’లో న్న లఘువుగానే ఉంటుంది.

ఈ మాత్రలను గుంపులుగా కడితే గతి వస్తుంది. పిల్లల గేయాలకు పనికొచ్చేవి నాలుగు.

తిస్రగతి, మూడేసి మాత్రలు: *పాల | పిట్ట | నీలి | పిట్ట*. గెంతుతున్నట్టు ఉంటుంది. చిన్నపిల్లలకు బాగా పట్టుబడుతుంది.

చతురస్రగతి, నాలుగేసి: *బియ్యం | పిండీ | నువ్వులు | ఓమా*. కవాతు నడక, చప్పట్లకు సరిగ్గా సరిపోతుంది. సకినాల గేయం రాయాలంటే ఇదే గతి.

ఖండగతి, అయిదేసి: *ఎండలో | కొండపై*. వినడానికి హొయలుగా ఉంటుంది కానీ ఎక్కువ పాదాలు నిలబెట్టడం కష్టం. మొదటే దీని జోలికి పోకండి.

మిశ్రగతి, మూడూ నాలుగూ: *చెరువు | నిండిన | వాన | రోజున*. గురజాడ ముత్యాలసరం నడక ఇదే. మొదటి మూడు పాదాలకు పద్నాలుగేసి మాత్రలు, చివరి పాదం పొట్టిగా ఉండవచ్చు. కథ చెప్పడానికి దీన్ని మించినది లేదు.

ఇప్పుడు ఒక గేయాన్ని దిద్ది చూద్దాం. దసరానాడు జమ్మి దగ్గర పాలపిట్టను చూడటం విషయం. మొదటి ప్రయత్నం మామూలుగా ఇలా వస్తుంది:

*ఊరి బయట ఉన్న జమ్మిచెట్టు మీద*
*పాలపిట్ట ఒకటి వాలింది*

మొదటి పాదం లెక్కించండి. ఊరి 3, బయట 3, ఉన్న 3, జమ్మి 3, చెట్టు 3, మీద 3, మొత్తం 18. రెండో పాదం: పాల 3, పిట్ట 3, ఒకటి 3, వాలింది 5, మొత్తం 14. మూడేసి మాత్రలతో గెంతుతూ వచ్చిన పాట ‘వాలింది’ దగ్గర అయిదు మాత్రలు మోయలేక ఆగిపోతుంది. రెండు పాదాల పొడవూ కుదరలేదు. అంత్యప్రాస లేదు. ‘ఉన్న’, ‘ఒకటి’ అనే మాటలు చేసే పని ఏమీ లేదు.

పాదానికి 12 మాత్రలు, తిస్రగతి అని ముందే గీత గీసుకుని మళ్లీ రాస్తే:

*ఊరి బయట జమ్మిచెట్టు*
*పక్కనేమొ చేనుగట్టు*
*నీలిరంగు రెక్క తేలె*
*పాలపిట్ట వచ్చి వాలె*

*“చూడు చూడు” అంది చిన్ని*
*అరవకంటు ఆపె మున్ని*
*తుర్రుమంది పాలపిట్ట*
*దాటిపోయె ఎదుటి గుట్ట*

ప్రతి పాదాన్నీ మూడేసి మాత్రలుగా విరిచి చూడండి: *నీలి | రంగు | రెక్క | తేలె. అరవ | కంటు | ఆపె | మున్ని*. ‘అరవ’లో మూడు లఘువులు, ‘నీలి’లో గురువు, లఘువు. లెక్క ఒకటే అయినా చప్పుడు వేరు. ఆ తేడా లేకుండా అన్నీ ‘గురువు, లఘువు’గానే పేరిస్తే గేయం విసుగు పుట్టిస్తుంది. ‘వాలింది’ బదులు ‘వాలె’ అన్నందుకు రెండు మాత్రలు తగ్గాయి. మన వైపు మాట్లాడే మాట కాబట్టి కృతకంగానూ లేదు.

మాటను గతి మధ్యలో విరవడం ఇంకో పొరపాటు. ‘కలిపిందమ్మా’ ఎనిమిది మాత్రలే, నాలుగేసి లెక్కకు సరిపోతుంది. చదివేటప్పుడు మాత్రం ‘కలిపిం | దమ్మా’ అని విరుగుతుంది. అప్పుడప్పుడు ఒకటి వస్తే ఫర్వాలేదు. పాదానికొకటి వస్తే చిన్నపిల్లలు చదవలేరు. వీలైనంతవరకు గతి ముగిసేచోటే మాట ముగియాలి.

‘పాడేటప్పుడు సాగదీస్తే సరిపోతుంది’ అని సర్దుకోవద్దు. మీరు పాడితే సరిపోతుంది. పత్రిక చదివే పిల్లకు మీ రాగం తెలియదు. కాగితం మీద ఉన్న అక్షరాలే ఆ పిల్ల చేత సరిగ్గా చదివించాలి.

లెక్క ఒకటి రెండు మాత్రలు తేడా వచ్చినప్పుడు అరువు మాటలు ఆదుకుంటాయి. బస్ రెండు, బస్సు మూడు. ఫోన్ రెండు, ఫోను మూడు. క్రియలూ అంతే. వచ్చె 3, వచ్చాడు 5, వచ్చిండు 5. పోతున్నాడు 7, పోతుండు 5. పాదం నింపడానికి ‘హాయి హాయి’, ‘ఓహో’, ‘భలే భలే’ అని అతికించేకంటే క్రియారూపం మార్చడం ఎప్పుడూ మేలు. అలాంటి అతుకులను సంపాదకులు చప్పున పట్టేస్తారు.

4. అంత్యప్రాస

తెలుగులో అంత్యప్రాస చవగ్గా దొరుకుతుంది. ఇబ్బందంతా అక్కడే. బహువచనాలన్నీ ‘లు’తో ముగుస్తాయి. ‘వచ్చింది, తెచ్చింది, చూసింది, నవ్వింది’ అని రాసుకుంటూ పోతే ఎన్ని పాదాలైనా కలుస్తాయి. చెవికి మాత్రం ఏమీ తగలదు. చివరి ఒక్క అక్షరం కలిస్తే చాలదు. ముందున్న అక్షరం బరువూ, వీలైతే దాని అచ్చూ కలవాలి. చెట్టు–గట్టు, తేలె–వాలె, చిన్ని–మున్ని, పిట్ట–గుట్ట చూడండి. ‘తేలె–వాలె’లో ముందు అక్షరం అచ్చు వేరే, అయినా రెండూ దీర్ఘాలు కాబట్టి చెవి ఒప్పుకుంటుంది. ‘పూలు–పిల్లలు’ కలవవు, అక్కడ బరువు తప్పింది.

ప్రాస కోసం వాక్యాన్ని తలకిందులు చేయడం పెద్ద జబ్బు. ‘తిన్నది అన్నం బాలుడు’ అని ఏ పిల్లా మాట్లాడదు. అంత్యప్రాస మాట పాదం చివరికి దానంతట అది రావాలి. రాకపోతే ఆ మాటను వదిలి వేరే జత వెతకండి. రాయడానికి ముందే విషయానికి సంబంధించిన జతలు పది పదిహేను ఒక పక్కన రాసుకుంటే ఈ తిప్పలు తగ్గుతాయి. పతంగి మీద రాస్తుంటే దారం, చక్రం, మాంజా, మిద్దె, గాలి, తోక. వీటిలో ఏవి దేనితో కలుస్తాయో ముందే చూసుకోండి.

ద్విపదల్లాగా రెండేసి పాదాలకు ప్రాస కలపడం పిల్లలకు తేలిక. ఒకటి–మూడు, రెండు–నాలుగు కలపడం పెద్ద పిల్లలకు. ఒక గేయంలో ఏ పద్ధతి మొదలుపెడితే చివరిదాకా అదే ఉంచండి.

5. మాట, నిజం

మన ప్రాంతపు మాటలు వాడాలా వద్దా అని చాలామంది జంకుతారు. నిక్షేపంగా వాడండి. పతంగి, గోటీలు, అంగి, సకినాలు, గునుగు పూలు, సోపతి అన్నీ పిల్లల నోట్లో ఆడే మాటలే. వేరే ప్రాంతపు పిల్లకు కూడా సందర్భాన్ని బట్టి అర్థమయ్యేలా పక్కనే ఒక ఆనవాలు ఉంచితే చాలు. చేయకూడనిది ఒకటే: ఒక పాదంలో ‘వచ్చిండు’, ఇంకో పాదంలో ‘వెళ్లాడు’. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానిమీదే ఉండండి.

విషయంలో తప్పు ఉంటే గేయం ఎంత బాగున్నా పోతుంది. గబ్బిలాన్ని పక్షి అనకండి, గుడ్లు పెట్టించకండి. తంగేడు, గునుగు విరగబూసేది బతుకమ్మ రోజుల్లో. వాటిని ఎండాకాలం గేయంలో పెట్టకండి. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి, జమ్మి రాష్ట్ర వృక్షం, తంగేడు రాష్ట్ర పుష్పం, జింక రాష్ట్ర జంతువు. ఇవి తారుమారైతే బడి పిల్లలే ఉత్తరం రాస్తారు. రామప్ప గుడి 1213 నాటిది, యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది. గేయంలో ఏడాది వేయకపోయినా రాసేముందు సరిచూసుకోండి.

నీతి గురించి ఒక మాట. ‘బుద్ధిగా చదవాలి, పెద్దల మాట వినాలి’ అని ముగిసే గేయాలు ప్రతి పేజీకీ కుప్పలుగా వస్తాయి. పై గేయంలో అరిస్తే పిట్ట ఎగిరిపోయింది. అంతే చూపించాం, అరవకూడదని పిల్లకు అదే తెలుస్తుంది. కింద ‘పక్షులను మనం కాపాడాలి’ అని ఇంకో రెండు పాదాలు తగిలిస్తే గుట్ట దాటిన పిట్టను లాక్కొచ్చి బల్లకు కట్టేసినట్టే.

బొమ్మ గీసేవాళ్లకు పని ఉందో లేదో కూడా చూసుకోండి. ప్రతి నాలుగు పాదాలకు గీయదగిన ఒక్క దృశ్యమైనా ఉండాలి. ‘మంచితనం, సహనం, ఐకమత్యం’ అని పేర్చితే దేన్ని గీస్తారు?

6. పరీక్ష

రాసింది మూడు రోజులు పక్కన పెట్టి, తర్వాత మూడో తరగతో నాలుగో తరగతో చదివే పిల్లకు కాగితం ఇవ్వండి. మీరు చదివి వినిపించవద్దు. పిల్లే గట్టిగా చదవాలి. ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది, ఏ మాట అర్థం అడిగింది, అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టండి. ఇద్దరు పిల్లలు ఒకేచోట ఆగితే అది గేయం తప్పే. మాత్రలు మళ్లీ లెక్కించండి. చాలాసార్లు అక్కడ ఒక మాత్ర ఎక్కువో తక్కువో ఉంటుంది. లెక్క సరిపోయినా ఆగితే మాట విరుపు చూడండి. మరుసటి రోజు ఏ పాదం గుర్తుందో అడగండి. ఏదీ గుర్తు లేదంటే ఇంకా పంపే దశకు రాలేదు.

7. టైపు చేయడం

యూనికోడ్‌లో టైపు చేయండి. ఫోన్‌లోని తెలుగు కీబోర్డు చాలు. డీటీపీ సెంటర్లలో వాడే ‘అను’ ఫాంట్లలో టైపు చేసి ఈమెయిల్‌లో అతికిస్తే అవతలివైపు ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. పత్రిక అను ఫైలే కావాలంటే డీటీపీ సెంటరులో చేయించి, దానితోపాటు పీడీఎఫ్ తప్పకుండా జతచేయండి. యూనికోడ్ నుంచి అనుకు మార్చేటప్పుడు జంట అక్షరాలు, పొల్లులు చెదరొచ్చు. పీడీఎఫ్ చూసి సరిచేసుకుంటారు.

- అక్షరం 14 పాయింట్లు, పాదానికో వరుస, నాలుగేసి పాదాల తర్వాత ఖాళీ వరుస.
- ఎడమ అంచుకు సమానంగా. మధ్యకు జరపడం, రంగులు, పూల అంచులు వద్దు.
- శీర్షిక ఒకటి నుంచి మూడు మాటలు. ‘పాలపిట్ట’ చాలు.
- గేయం కింద పేరు, ఊరు. బిరుదులు, అందుకున్న సన్మానాల జాబితా వద్దు.
- ఫైలు పేరు: పాలపిట్ట_మీపేరు. ‘గేయం1 కొత్తది చివరిది’ అని పెట్టకండి.

‘ఫోన్‌లో’ అని టైపు చేస్తే కొన్ని కీబోర్డులు ‘ఫోన్లో’ చేస్తాయి. గేయంలో పాదం చూపే తీరే మారిపోతుంది కాబట్టి పంపేముందు అలాంటి చోట్లు ఒకసారి వెతకండి. తెల్లకాగితం మీద రాసి ఫొటో తీసి పంపడం కొన్ని పత్రికలు ఒప్పుకుంటాయి, ముఖ్యంగా పిల్లల రచనలకు. పెద్దలు టైపు చేసి పంపడమే మర్యాద.

8. పంపడం

ఒకసారికి రెండు గేయాలు, మహా అయితే మూడు. పది ఒకేసారి పంపితే దేన్నీ శ్రద్ధగా చూడరు. ఈమెయిల్ సబ్జెక్ట్ వరుసలో ‘పిల్లల పేజీకి గేయం – పాలపిట్ట’ అని రాయండి. లేఖ అయిదు వాక్యాలు దాటకూడదు:

*సంపాదకులు గారికి నమస్కారం. మీ పిల్లల పేజీ కోసం ‘పాలపిట్ట’ అనే ఎనిమిది పాదాల గేయం పంపుతున్నాను. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు ఉద్దేశించినది, దసరా సమయానికి తగినది. హామీపత్రం, చిరునామా కింద ఉన్నాయి. పరిశీలించగలరు.*

హామీపత్రం లేదని పక్కన పెట్టే గేయాలు ఉంటాయి. ఇలా ఉంటే చాలు:

*ఈ గేయం నా సొంత రచన. దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు. ఇంతకుముందు ఏ పత్రికలోనూ, అంతర్జాలంలోనూ, సామాజిక మాధ్యమాల్లోనూ ప్రచురితం కాలేదు. ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు.*

కింద తేదీ, పేరు, పూర్తి చిరునామా పిన్‌కోడ్‌తో సహా, ఫోన్ నంబరు. పారితోషికం ఇచ్చే పత్రికైతే బ్యాంకు ఖాతా పేరు, నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అడుగుతుంది. అడిగాక ఇవ్వండి. ఖాతాలో ఉన్న పేరు, కలంపేరు వేరైతే ఆ సంగతి చెప్పండి, లేకపోతే డబ్బు తిరిగి వెళుతుంది.

హామీపత్రంలోని మూడో వాక్యం తమాషాకు రాసేది కాదు. రాసిన సాయంత్రమే ఫేస్‌బుక్‌లో, కవుల వాట్సాప్ గ్రూపులో పెట్టేసి తర్వాత పత్రికకు పంపితే చాలామంది సంపాదకులు దాన్ని ప్రచురితమైనదిగానే లెక్కిస్తారు. పత్రికలో వచ్చాకే గ్రూపులో పెట్టుకోండి. ఒకే గేయం రెండు పత్రికలకు పంపి, రెండింటిలో ఒకే ఆదివారం వస్తే రెండు తలుపులూ మూసుకుంటాయి.

రాసింది బడి పిల్లే అయితే పేరు, తరగతి, బడి, ఊరు రాయండి. ఫోన్ నంబరు మాత్రం తల్లిదండ్రులదో ఉపాధ్యాయులదో ఇవ్వాలి, ఇంట్లోవాళ్లకు చెప్పి పంపాలి. పిల్ల రాసినదాన్ని పూర్తిగా దిద్ది పెద్దల గేయం చేసి పిల్ల పేరుతో పంపకండి. అచ్చుతప్పులు దిద్దండి, కుంటుతున్న పాదాన్ని చూపించి పిల్ల చేతే మళ్లీ రాయించండి.

పోస్టులో పంపితే మామూలు కవరు సరిపోతుంది. తిరుగు టపాకు స్టాంపు అంటించిన, మీ చిరునామా రాసిన కవరు లోపల పెట్టండి. ఆనవాలు కావాలనుకుంటే స్పీడ్ పోస్టు చేయండి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి దానిలోనే కలిసింది. ఏ దారిలో పంపినా నకలు మీ దగ్గర ఉంచుకోండి.

అచ్చు వేయడానికి డబ్బు కట్టమంటే కట్టకండి. ‘సభ్యత్వం తీసుకుంటే గేయం వేస్తాం, సంకలనానికి ఇంత పంపండి, శాలువా కప్పుతాం’ అనేవి పత్రికా ప్రచురణ కిందికి రావు.

9. ఎప్పుడు పంపాలి

పండగ వారం పంపితే అప్పటికే పేజీ అయిపోయి ఉంటుంది. ఆదివారం అనుబంధం చాలా రోజుల ముందే తయారవుతుంది. దినపత్రిక పేజీకి నెల ముందు, మాసపత్రికకు రెండు మూడు నెలల ముందు చేరాలి. బడి తెరిచే జూన్ గేయం ఏప్రిల్‌లో పంపాలి. ఎంగిలిపూల బతుకమ్మ, దసరా గేయాలు శ్రావణంలోపే పోవాలి. బాలల దినోత్సవం నవంబరు 14కు సెప్టెంబరు, సంక్రాంతికి నవంబరు. కాళోజీ జయంతి సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం, దానికి పిల్లల భాషలో రాసిన గేయాలు తక్కువే వస్తాయి, ప్రయత్నించండి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది కాబట్టి ఆ గేయం తప్పిపోతే మళ్లీ రెండేళ్లు ఆగాలి.

పండగల గేయాలకు పోటీ ఎక్కువ. ఏ కాలానికైనా సరిపోయేవి, అంటే ఉడుత, బొంగరం, వానచుక్క, బస్సు ప్రయాణం లాంటివి పత్రికల దగ్గర నిల్వ ఉంటాయి, ఖాళీ దొరికినప్పుడు వేస్తారు. రెండు రకాలూ పంపండి.

10. పంపాక

ఒక నోటుపుస్తకంలో అయిదు గళ్లు గీయండి: గేయం పేరు, పత్రిక, పంపిన తేదీ, జవాబు, వచ్చిన తేదీ. చాలా పత్రికలు ‘వేసుకోం’ అని జవాబివ్వవు, మౌనమే జవాబు. దినపత్రికకు రెండు నెలలు, మాసపత్రికకు మూడు నెలలు ఆగి ఒక్కసారి మర్యాదగా అడగండి. ఇంకో రెండు వారాల్లో కదలిక లేకపోతే ‘ఈ గేయాన్ని వెనక్కి తీసుకుంటున్నాను’ అని ఒక వాక్యం రాసి, అప్పుడే వేరే పత్రికకు పంపండి. రోజూ ఫోన్ చేయడం, పొద్దున్నే ‘శుభోదయం’ బొమ్మలు పంపడం పనికి అడ్డం.

గేయం వచ్చిన రోజునే ఈ–పేపర్‌లో ఆ పేజీని తేదీ కనిపించేలా దాచుకోండి. పాత పేజీలు ఉచితంగా ఎక్కువ రోజులు దొరక్కపోవచ్చు. అచ్చు ప్రతి ఒకటి కొని పెట్టుకోండి. అచ్చులో సంపాదకుడు ఏదైనా మాట మారిస్తే ముందు మాత్రలు లెక్కించండి. సంపాదకుడి మార్పుతో నడక మెరుగైతే నేర్చుకోవాల్సిందే. ‘వాలె’ను ‘వాలింది’ చేసి నడక చెడితే, తర్వాతి గేయం పంపేటప్పుడు ‘ఇది పాదానికి పన్నెండు మాత్రల తిస్రగతి, మార్పు అవసరమైతే తెలియజేయగలరు’ అని ఒక వాక్యం చేర్చండి. అచ్చయినదానిపై గొడవపడితే లాభం లేదు.

హక్కుల సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినప్పుడే హక్కు రచయితకు వస్తుంది, నమోదు తప్పనిసరి కాదు. రచయిత తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. పత్రిక ఒకసారి వేసుకున్నంత మాత్రాన హక్కు వాళ్లది అయిపోదు. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎంతకాలమో అందులో రాయకపోతే చట్టం అయిదేళ్లుగా లెక్కిస్తుంది. పారితోషికం పత్రంపై సంతకం పెట్టేముందు ‘సర్వహక్కులు’ అన్న మాట ఉందేమో చదవండి. ఉంటే ‘మొదటి ప్రచురణ హక్కు’గా మార్చగలరా అని అడగండి. ముప్పై నలభై గేయాలు పోగయ్యాక పుస్తకం వేయాలనుకున్నప్పుడు ఆ కాగితాలు, నోటుపుస్తకంలోని తేదీలే పనికొస్తాయి. ఏ గేయం ఏ పత్రికలో ఏ రోజు వచ్చిందో పుస్తకం వెనక వేయాలి.